గుమ్మం మీది లాడం

జంషెడ్‌పూర్‌లో పెళ్లి ఊరేగింపుకు గుర్రం కావాలంటే బర్మామైన్స్ పోలరాజునే అడిగేవారు. తండ్రుల్ని ఎక్కించాడు, తర్వాత వాళ్ల కొడుకుల్నీ ఎక్కించాడు. టపాసులు పేలినా, బ్యాండు చెవిలో మోగినా ఆయన గుర్రం బెదిరిందని అన్నవాడు లేడు. అంత పేరూ కిందటేడు కాసిడీహ్ మలుపులో మట్టికొట్టుకుపోయింది. నడుస్తూ నడుస్తూ గుర్రం తన కాలితో తన కాలినే తన్నుకుని, పెళ్లికొడుకుతో సహా మోకాళ్ల మీద కూలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, బ్యాండువాళ్లు ఆయన్ని పిలవడం మానేశారు.

అందుకే ఈసారి కొనే గుర్రానికి కాలూ కాలూ తగలకూడదు. మళ్లీ కూలితే ఇక ఆ పని వదులుకోవడమే.

మాంగో పేటలో గుర్రాలమ్మే ఆదిబాబు ఒక నల్ల ఆడగుర్రాన్ని గిట్టలు మునిగేంత గడ్డిలో నిలబెట్టి చూపించాడు.

"గడ్డి తీయించు," అన్నాడు పోలరాజు.

"మేత కదా బావా!"

"మేతైతే మూతి కాడుండాల. కాళ్ల కాడేటి?"

గడ్డి ఊడ్పించాక ఎదురుగా గొంతుక్కూర్చుని చూశాడు. మోకాళ్లు తిన్నగా ఉన్నాయి. ముందు గిట్టలు మాత్రం కాస్త లోపలికి తిరిగి ఉన్నాయి.

"దేఖో పాపా," అన్నాడు కొడుకు అమర్. "రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటన్నాయి. ఫిర్ గిరేగీ, మళ్లీ కూలతాది. ఒగ్గేయ్."

నడిపించమంటే ఆదిబాబు కళ్లెం పొట్టిగా పట్టి నాలుగడుగులు వేయించాడు. బేరం తేలందే వీధిలోకి తేనన్నాడు. అంతలో ఏం తెలుస్తుంది? కాలికి చూస్తే మెరిసిపోయే కొత్త లాడాలు.

"పాతయి ఏయి?"

"నల్ల గుర్రం లాడాలు మిగుల్తాయేటి బావా! శనోరం తీయించాను, శనోరమే గుమ్మాలకెక్కీసినాయి. ముందు కుడికాలిది మీ పేట ధనమ్మే పట్టుకెళ్లింది."

పాత లాడాన్ని అడగాలని ఈ ఊళ్లో ఇంకెవరికి తడుతుంది? పోలరాజు నేరుగా ధనమ్మ ఇడ్లీ దుకాణానికి పోయి గుమ్మం మీదికి చెయ్యి చాచాడు. ధనమ్మ గరిటెతోనే బయటికొచ్చింది.

"ముట్టుకోకు అన్నియ్యా! తీత్తే శని లోపలికొచ్చీత్తాడు."

"తియ్యనే. స్టూలియ్యి, సూత్తాను."

"ఇనపముక్కలో ఏటి సూత్తావు?"

"నీకు ఇనుమేగానీ, నాకు గుర్రమే."

తినేవాళ్లు ఇడ్లీలు వదిలేసి చూస్తున్నారు. అమర్ స్టూలు పట్టుకున్నాడు. పోలరాజు బొటనవేలితో లాడాన్ని చుట్టూ తడిమాడు. బయటి అంచు అరిగి పల్చబడింది. లోపలి అంచు మందంగా అలాగే ఉంది. రెండో కాలు తగిలిన గీత ఒక్కటైనా లేదు.

అంటే గిట్ట లోపలికి చూస్తున్నా, అడుగు బయటికి విసిరి వేస్తోంది. కిందటేడు కూలినదాని గిట్టలు బయటికి చూసేవి. అడుగు మాత్రం లోపలికి విసిరేది!

"కొంటన్నాం," అన్నాడు.

"పక్కా, పాపా?"

"ముందు నన్ను దిగనియ్యి."

కొత్త గుర్రంతో, పెళ్లివారే నేరుగా పిలిచిన తొలి ఊరేగింపు మళ్లీ కాసిడీహ్ మలుపుకే వచ్చింది. జనమంతా పెళ్లికొడుకును చూస్తుంటే పోలరాజు నడుం వంచి గిట్టల్నే చూస్తూ నడిచాడు. గుర్రం అడుగులు బయటికి విసురుతుంటే, నాట్యమాడుతోందనుకుని డప్పులవాడు ఇంకా జోరుగా వాయించాడు. మలుపు దాటింది.

బ్యాండు మేస్త్రీ దగ్గరికొచ్చి అడిగాడు: "పోలరాజు బాబాయ్, శుక్రారం ఖాళీయేనా?"

పోలరాజు తలెత్తలేదు.

"ఆగు బాబూ, సందు సివర దాకా ఎల్లనీ."