గప్పీలనుకున్న గంబూసియాలు

జంతుశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం లేక మానవపాడులోని మా ఇంట్లో ఉన్న ఏడాది, పెరట్లోని సిమెంటు తొట్టిలో గప్పీ చేపలను పెంచాను. గద్వాలలో రంగు చేపలు అమ్మే దుకాణదారు నాకొక మాట ఇచ్చాడు. ఎర్ర తోక గప్పీలు నలభై, రెక్క చిరగకుండా శనివారానికి తెస్తే, ఇకమీదట చేపలన్నీ నా దగ్గరే తీసుకుంటాడు. కూలి కాని పని మా ఇంట్లో ఎవరికైనా దొరకడం అదే మొదలయ్యేది.

గురువారం సాయంత్రం మిరపచేను నుంచి వచ్చిన అమ్మ టిఫిన్ డబ్బా మూత తీసి చూపింది. లోపల నీళ్లలో కొన్ని బూడిదరంగు చేపలు.

"బాయిల గూడ నీ చేపలే ఉన్నయిరా. కొంగుతోని వట్టిన. ఆడియి తక్కువున్నయంటివి గద."

గప్పీలలో రంగులు మగవాటికే. గుడ్లు పెట్టక పిల్లలనే కనే ఆడవి ఇలాగే బూడిదగా, లావు పొట్టతో ఉంటాయి. డబ్బాలోకి ఒక్కసారి చూసి, "ఆడ గప్పీలేనమ్మ" అని తొట్టిలో పోశాను. చదువుకున్న కొడుకు చెప్పాడు గనుక ఆమె మళ్లీ అడగలేదు.

శుక్రవారం ఉద్యోగ పరీక్షకు కర్నూలు వెళ్లి రాత్రికి తిరిగొచ్చాను. శనివారం పొద్దున తొట్టిలో ఎర్రని పీలికలు తేలుతున్నాయి. తోకలు మొదలంటా తెగిన మగచేపలు తలకిందులై కొట్టుకుంటున్నాయి. ఒకదానికి కన్ను లేదు. ఆ గుంటలోనే ఒక బూడిద చేప మూతి పెట్టి పొడుస్తోంది. అమ్మ తెచ్చినవి గంబూసియాలు. దోమ పిల్లలను తినడానికి బావుల్లో వదిలే చేపలు.

చిన్న వలతో బూడిదగా కనిపించిన ప్రతి చేపనూ తీసి, బట్టలుతికే బండ మీద వేసి రాయితో కొట్టాను. తలలు చితికాయి. వేళ్లకు నెత్తురు, పేగులు అంటుకున్నాయి. అయినా చేయి ఆగలేదు.

అమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "ఏందిరా గిట్ల సంపుతున్నవ్? ఇండ్ల మనయి ఏవి, బాయిలయి ఏవి?"

"అన్ని ఒక్క తీరే ఉన్నయమ్మ."

"పెద్ద సదువు సదివినవ్. జర చూసి కొట్టొద్దా?"

అప్పుడు కూర్చుని చూశాను. గంబూసియా తోక మీద సన్నని నల్ల చుక్కలు వరుసగా ఉంటాయి, కంటి కింద నల్లని చార ఉంటుంది. ఆడ గప్పీకి ఆ రెండూ ఉండవు. బండ మీద చుక్కలు లేని తోకలే ఎక్కువ. ఒకదాని పగిలిన పొట్టలోంచి జారిన పిల్లలు, కళ్లు మాత్రమే కనబడేంత చిన్నవి, కాసేపు కదిలి ఆగిపోయాయి.

మధ్యాహ్నం ఖాళీ చేతులతో గద్వాల వెళ్లాను. మగవాటిని బావి చేపలు చంపాయని, ఆడవాటిని నేను చంపానని దుకాణదారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అద్దాల తొట్టి తుడవడం ఆపలేదు.

"ఆడిదేదో తెల్వనోని దగ్గర చేపలెట్ల కొంటం తమ్మీ" అన్నాడు. "వేరేటాయన దగ్గర తీసుకుంట తియ్యి."