తిన్నగా కుదిరిన చివరి వరస

1974. లండన్‌లో పాత తివాచీలు బాగుచేసే ఒక వర్క్‌షాప్‌లో నేను రిపేరర్‌ని. పుట్టి పెరిగింది ఏలూరు తివాచీ మగ్గాల దగ్గర. చేతికి పని వచ్చు, దానికి తగ్గ పొగరూ ఉండేది.

ఆ నవంబరులో స్టాన్‌మోర్ నుంచి ఆయ్నా అనే పెద్దావిడ వచ్చింది. మధ్య ఆసియా తుర్క్‌మెన్ తెగ మనిషి. బస్సులో మోసుకొచ్చిన తివాచీ బల్ల మీద పరిచింది. మంజిష్ఠ ఎరుపు మీద వరసలుగా గుల్‌లు. గుల్ అంటే ఎనిమిది మూలల పతకం లాంటి డిజైను. ఒక్కో తెగది ఒక్కో తీరు. మధ్యలో చిమ్మటలు కొట్టిన కన్నం, అరచేతంత.

"మా అమ్మ నేసింది. ఊరు వదిలి పారిపోయి వచ్చినప్పుడు మాకు మిగిలింది ఇదొక్కటే. ఈ కన్నం పెద్దదవకుండా చూడండి, మాస్టర్," అంది.

వారంలో పూడ్చాను. పాత ముడికీ నా ముడికీ తేడా నాకే తెలియలేదు. అక్కడితో ఆగొచ్చుగా! చివరి వరసలో నాలుగు గుల్‌లు వంకరటింకరగా ఉన్నాయి. మా ఏలూరులో గళ్ళ కాగితం మీది డిజైను చూసి నేస్తాం. ఒక్క ముడి తప్పినా మా నాన్న మొత్తం విప్పించేవాడు. ఇదెవడో చేతకానివాడి రిపేరు అనుకుని నాలుగూ విప్పేసి, పై వరసలకు సరిపోయేలా కట్టేశాను.

ఈస్ట్ హామ్‌లో మా ఫ్లాట్‌కి వెళ్ళి మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

"ఆవిడ కన్నం పూడ్చమంది గదండీ, మిగతాది మీకెందుకంట?" అంది.

"నీకేం తెలుసే పని?" అని కసిరాను.

తివాచీ తీసుకోవడానికి వచ్చిన ఆయ్నా, కన్నం ఉన్న చోటు చూసి నవ్వింది. తర్వాత కింది అంచు మీద చెయ్యి వేసింది. వేళ్ళతో తడిమింది. మళ్ళీ తడిమింది.

"ఇక్కడ అమ్మ కట్టిన ముళ్ళు ఏవి?"

"వంకరగా ఉంటే సరిచేశాను, మేడమ్."

"ఆ వరస నేసేటప్పటికి అమ్మకు చూపు పోయింది. మాకు డిజైను కాగితాలుండవు. తలలో ఉన్నదాన్ని వేళ్ళతో వెతుక్కుంటూ కట్టింది. రోజూ దాని మీదే చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను."

విప్పిన ఊలు ఎప్పుడో చెత్తలో పోయింది. "మళ్ళీ అలాగే వంకరగా కడతాను," అన్నాను సిగ్గు లేకుండా.

"మీరు కళ్ళు మూసుకుని కట్టినా అవి మీ ముళ్ళే," అంది.

అరవలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. తివాచీ చుట్టుకుని వానలో బస్‌స్టాప్ వైపు నడిచింది.

ఆ తర్వాత ఎవరు ఏ తివాచీ తెచ్చినా, సూది పట్టే ముందు ఒక మాట అడిగేవాణ్ణి: "ఇందులో నేను ముట్టుకోకూడనిది ఏదైనా ఉందా?" చాలామంది నవ్వి, ఏమీ లేదనేవారు. ఆయ్నాను అడిగి ఉంటే చెప్పేది.