వడియాలు చూపించిన దిక్కు

పెళ్లయ్యాక మేం పరదేశంలో, క్రెయిగీబర్న్ అనే శివారు ఊళ్లో అత్తయ్యతోనే ఉండేవాళ్లం. వారాంతం వస్తే ఇల్లంతా అంకుల్స్, ఆంటీలు. నేను అందరికీ టీ ఇచ్చేసి, పుస్తకం పట్టుకుని లాండ్రీ గదిలోకి జారుకునేదాన్ని. అది కనిపెట్టిన మా ఆయన, ఊరికి దూరంగా మేం కొన్న కొండవాలు స్థలంలో యర్ట్ వేసుకుందామన్నాడు. చెక్క అరుగు మీద నిలబెట్టే గుండ్రటి ఇల్లు అది. తడికలాంటి చెక్క అల్లిక, దాని చుట్టూ మందపాటి కాన్వాస్, కప్పు నడుమ ఆకాశం కనబడే గాజు మూత.

అత్తయ్య దాన్ని గుడారం అన్నారు. మూలలే లేని ఇంట్లో ఈశాన్యం మూల ఎక్కడ వెతుక్కుంటారని అడిగారు. చివరికి ఒక షరతు పెట్టారు. చలికాలం ముందు వచ్చి చూస్తారు. కాపురానికి పనికిరాదనిపిస్తే మేం వెనక్కి వచ్చేయాలి. దిక్కులు కూడా ఆవిడే ఫోన్‌లో చెప్పారు. గుమ్మం తూర్పుకి, పెద్ద కిటికీ దక్షిణానికి. తణుకులో వాళ్లింట్లో చలికాలపు ఎండ దక్షిణం నుంచే వచ్చేదట. మేమిద్దరం పెరిగిందీ అటువైపే, అందుకే సందేహం రాలేదు. జనవరిలో, ఇక్కడి నడివేసవిలో, సూర్యుడు నడినెత్తిన ఉండగా కట్టాం కాబట్టి తేడా కూడా తెలియలేదు.

ఇక్కడ చలి మొదలయ్యే ఏప్రిల్‌కల్లా ఇల్లు చల్లబడిపోయింది. కిటికీ పక్కన పెట్టిన నా పుస్తకాల అట్టలకు బూజు పట్టింది. రోజూ తుడుస్తూ, ఆ మాట డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అత్తయ్య మినప్పిండి రుబ్బుకుని మరీ వచ్చారు. మర్నాడు పొద్దున్నే కిటికీ బయట అరుగు మీద పాత పంచె పరిచి వడియాలు పెట్టారు. తాను లోపల కూర్చుని, పిట్టలు వాలకుండా కాపలా కాయొచ్చని. మధ్యాహ్నానికి కూడా అవి పెట్టినవి పెట్టినట్టే తడిగా ఉన్నాయి.

"ఊరంతా ఎండే. నా వడియాల మీదే లేదు," అంటూ నన్ను పంచె రెండో అంచు పట్టుకోమన్నారు. ఎండ వెతుక్కుంటూ ఇల్లు చుట్టూ నడిచాం. ఉత్తరం వైపు తిరగగానే వెలుగు మొహాన కొట్టింది. అక్కడ కాన్వాస్ వెచ్చగా ఉంది. కిటికీ మాత్రం లేదు. భూమధ్యరేఖకి దిగువనున్న ఈ దేశంలో చలికాలపు సూర్యుడు ఉత్తరానే నడుస్తాడు.

అత్తయ్య సూర్యుణ్ణీ, గోడనీ మార్చి మార్చి చూశారు. "ఇన్నేళ్లున్నాను ఈ దేశంలో, ఎండ ఎటునుంచి వస్తోందో చూడలేదు," అన్నారు. నావైపు తిరిగి, "మరి చలికాలం ఇక్కడెలా ఉంటారే? వచ్చేయండి," అన్నారు.

"గోడ మార్చుకోవచ్చు అత్తయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కిటికీ కాన్వాస్‌లోనే కుట్టి ఉందనీ, ఆ కాన్వాస్ రెండు ముక్కలేననీ, తాళ్లు విప్పి అటుది ఇటు, ఇటుది అటు కట్టొచ్చనీ చెప్పాను.

"గుమ్మం కదలదుగా?"

"కదలదు."

ఆవిడ కొంగు బిగించారు. మేం తాళ్లు విప్పుతుంటే మా ఆయన హెడ్‌సెట్‌తోనే బయటికొచ్చాడు. "అమ్మా, కాల్‌లో ఉన్నాను, ఇల్లు ఊగుతోంది."

"ఊగనీ. దక్షిణానికి కిటికీ పెట్టిన ఇంజినీరువి నువ్వేగా."

"చెప్పింది నువ్వేగా!"

"నేను చెబితే వినేయడమేనా? అంత చదివించాను."

పొద్దు వాలేలోగా కిటికీ ఉత్తరానికొచ్చింది. చాప మీద ఏటవాలుగా ఎండ పరుచుకుంది. అత్తయ్య పంచెను లోపలికి లాగించి ఆ వెలుగులో పెట్టి, వడియాలను ఒక పక్కకి సర్దారు.

"ఇవి ఎండేదాకా నేనెక్కడికీ వెళ్లను," అన్నారు. "ఆ బూజు పట్టిన పుస్తకాలు కూడా పట్రా. చోటుందిగా."