బావి మెట్ల మీద తుమ్మకంప

రెస్క్యూ డైవర్ కోర్సుకు నన్ను పిలిచారన్న కబురు మొదట మోసుకొచ్చింది మా వదిన. బర్రె దగ్గర పాలు పితుకుతున్న నా దగ్గరికి ఫోను పట్టుకుని పరుగున వచ్చి చదివి వినిపించింది. స్కూబా డైవింగు మొదటి పాఠాలు అంతకుముందే పట్నంలో పూర్తిచేశాను. ఇది నీళ్లలో ఆపదలో ఉన్న మనిషిని ఒడ్డుకు చేర్చే విద్య. నెల గడువుంది. ఆలోగా ఆగకుండా ఈదే దమ్ము, నిండు మనిషిని లాగే బలం రావాలి. మొదటిరోజు పరీక్షలో తప్పితే తిరిగి ఇంటికే. ఆ సాయంత్రం దీపం పెట్టి దేవుడికీ వదినకూ కలిపి దండం పెట్టుకున్నాను.

కేతేపల్లి దగ్గర మాకు పెద్ద దిగుడుబావి ఉంది. మూడు రోజులు ఈదాను. నాలుగోనాడు పొద్దున వెళ్తే మెట్ల నిండా తుమ్మకంప. గొర్రెల దొడ్డికి అడ్డం వేసినట్టు వేశాడు మా పెద్దనాయిన.

"బాయిల గంగమ్మ ఉన్నది. ఆడోళ్లు గిట్ల ఈతలు కొడితె నీళ్లు ఇంకిపోతయ్," అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఎండాకాలమంతా ఆయన కొడుకులు అదే బావిలో దుంకారు. అప్పుడు ఇంకని నీళ్లు నేను దిగితేనే ఇంకుతాయా! గంగమ్మకు మొక్కకుండా, నీళ్లు కళ్లకద్దుకోకుండా నేనేనాడూ అందులో కాలు పెట్టలేదు. నా భక్తినే ముళ్లు చేసి నా దారికి అడ్డం వేశాడు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకోవాలనీ లేదు.

"అన్నా, గంగమ్మ నీ చెవులనే చెప్పిపోయిందా? నాకైతె చెప్పలే," అంటూ ఆయన చెల్లెలు, మా మేనత్త, వచ్చింది. మేకలకు కొమ్మలు వంచే కొక్కెపు కట్టెతో కంపంతా ఈడ్చి పారేసింది.

ఆమెకు ఈత రాదు. నీళ్లంటే భయం. అయినా, "లాగనీకె మనిషి గావాలె గద, నేనున్న," అని గోచీ బిగించి, మునగకుండా తేలడానికి నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని దిగింది.

గొర్రెలను కడిగిన చేయి కదా నాది, అలవాటు కొద్దీ దవడ కింద పట్టి లాగాను. అత్తకు దగ్గు తన్నుకొచ్చింది.

"ఓ కోడలా, నేను గొర్రెనా? బొచ్చు గూడ కత్తిరిస్తవా ఏంది?"

"సచ్చినట్టు పండుకో అత్తా, కాళ్లు కొట్టకు!"

"సచ్చినోళ్లను గింతగనం తిడతరానె?"

చంకల కింద చేయి వేసి లాగడం అలా నేర్చుకున్నాను. భయం పుట్టినప్పుడల్లా ఆమె నా మెడ వాటేసుకుని నన్నూ ముంచేది. విడిపించుకోవడమూ అట్లాగే వచ్చింది. పెద్దనాయిన రోజూ కంప వేశాడు, అత్త రోజూ తీసింది. ఆమె అరచేతుల్లో ముళ్లు విరిగాయి. ఇంటి మగవాళ్లలో ఒక్కరూ ఆయన్ని ఇదేం పని అని అడగలేదు.

పరీక్షలో మునిగిపోతున్నట్టు నటిస్తూ నన్ను వాటేసుకున్నవాడు పహిల్వాను లాంటి మనిషి. విడిపించుకున్నాను, ఒడ్డుకు చేర్చాను. ఇంత బాగా ఎవరు నేర్పారని శిక్షకుడు అడిగాడు. చదువుకున్నవాళ్ల నడుమ సిగ్గుపడి, నేనే నేర్చుకున్నానన్నాను. పెద్దనాయిన మీద ఎంత కోపముందో ఆ మాట మీద అంతకంటే ఎక్కువ ఉంది. అందుకే ఇది రాశాను. చదివినవాళ్లు నన్ను మరిచిపోయినా పర్వాలేదు. ఈత రాకున్నా దాదాపు నెలరోజులు నా కోసం నీళ్లలో పడుకున్న మా మేనత్తను మాత్రం ఒక్కసారి తలుచుకోండి.