వెల్లకిలా పడుకుని గీసిన పటం

లేచి తిరుగుతూ నష్టాలు తెచ్చేవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. నేను వెల్లకిలా పడుకుని, ఒళ్లు కదపకుండా, మా ఇంటి పైకప్పును నాశనం చేశాను. ఎలా చేశానో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. ముందు నవ్వే హక్కు మా అవ్వది, అంటే మా అమ్మది. ఆమె తనివితీరా వాడుకుంది కాబట్టి ఇక మీ వంతు.

చొప్పదండిలో మా వీధికి కరెంటు వచ్చిన ఏడాది అది. అప్పుడు నేను మందమర్రి బొగ్గుగనిలో గుమాస్తాను. కాగితాలు ఇచ్చి రమ్మంటే ఒకసారి ఓ ఆఫీసరు బంగళాకు వెళ్లాను. ముందుగదిలో వెలుతురుంది గాని బల్బు లేదు! మెడ పట్టేసేదాకా పైకి చూస్తే తెలిసింది, కప్పులో గుంతలు చేసి దీపాలు అందులో దాచారని. ఇక చూస్కోండి, నాకు అన్నం సహించలేదు. మా ఇంట్లోనూ వెలుతురు కప్పులోంచే దిగాలి.

మా ఇల్లంటే ఒక్క పెద్ద గది. చుట్టాలు కూర్చునేది అందులోనే, మేం తినేది అందులోనే, మా నాన్న, బాపు, నేసేది అందులోనే. లోపలికి రాగానే ఎడమపక్క బాపు గుంటమగ్గం, నేలలోని గుంటలో కాళ్లు దించుకుని నేసేది. కుడిపక్క మూలలో అవ్వ రాట్నం. బాపు నేతకు కావలసిన నూలును అవ్వ అక్కడే కూర్చుని కండెలకు చుట్టేది. పైన చెక్కపలకల కప్పు, దాని మీద అటక, ఆపైన గూనపెంకులు.

డాబు సంగతి అలా ఉంచండి. అసలు బెంగ బాపు చూపు. పొద్దు కాస్త వాలితే చాలు, తెగిన పోగు కనబడక, అతకలేక మగ్గం దిగిపోయేవాడు. "దినాం పోగులు తెగవట్టె, నాకు కండ్లు కనవడకపాయె. ఇగ మగ్గం ఇప్పేస్త బిడ్డా," అన్నాడు ఒకరోజు. పసితనం నుంచి నేసిన మనిషి నోట ఆ మాట! అందుకే రెండు దీపాలు అనుకున్నాను. గది నడుమ నా డాబుకు ఒకటి, మగ్గం మీద బాపుకు ఒకటి.

సెలవు పెట్టి ఇంటికొచ్చి, గది మధ్యలో చాప పరిచి, తలుపు వైపు తల పెట్టి పడుకున్నాను. కాగితం మొహానికి ఎదురుగా పట్టుకుని, కప్పును చూస్తూ గీయడం మొదలుపెట్టాను.

"ఏం జేస్తున్నవ్‌రా రాజేశం?" అంది అవ్వ.

"కప్పు పటం గీస్తున్ననే."

"కప్పు ఏడికన్న పోతదా? లేసి కూసోని గియ్యరాదు?"

"కూసుంటే నేల కనవడుతది, పండుకుంటెనే కప్పు కనవడుతది. నీకు తెల్వదు, ఊకో!"

ఆ ఒక్క మాట విని లేచి కూర్చుని ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

మా వడ్రంగి, వడ్ల నారాయణ మామ, రంపంతో వచ్చాడు. "బిడ్డా, జర కిందికెల్లి మొల గొట్టి గుర్తు వెట్టుకుంట," అన్నాడు. కిందినుంచి మేకు కొడితే దాని మొన అటక మీద కనబడుతుందని ఆయన లెక్క.

"కాగితం ఉండంగ మొలలెందుకు మామా? గిది ఇంజినీర్ల పద్ధతి!"

"మంచిది. ఇగ నీ కాగితమే నా దేవుడు," అని దాన్ని కళ్లకద్దుకుని మరీ అటక ఎక్కాడు.

దుమ్ము నూలు మీద రాలకుండా కప్పు కింద పాత దుప్పట్లు కట్టించాను. పైన మామ రెండు గుంతలు కోసి, వాటిలో ఖాళీ నూనె డబ్బాలు దించాడు. వైర్‌మన్ కూడా పైనుంచే బల్బులు బిగించాడు. ఆ రెండు రోజులూ నేనేం చేశానంటారా? వీధి వీధంతా తిరిగి, మా ఇంట్లో బల్బు లేకుండా వెలుతురు వస్తుందని చాటింపు వేశాను.

పొద్దుగూకింది. గది నిండా జనం. బాపు స్నానం చేసి, తెల్ల ధోవతి కట్టి, గుంటలో కాళ్లు పెట్టుకుని పెళ్లికొడుకులా కూర్చున్నాడు. నేను దుప్పట్లు లాగి, స్విచ్చి నొక్కాను.

గది నడుమ ఒక దీపం వెలిగింది. రెండోది భళ్లున వెలిగింది, రాట్నం మూలలో, అవ్వ నెత్తి మీద! అవ్వ ఉలిక్కిపడి కొంగు నిండా కప్పుకుంది.

"వెలిగిందారా?" మగ్గం దగ్గరి చీకట్లోంచి బాపు గొంతు. "నేను గీడనే ఉన్న... ఎవలికన్న కనవడుతున్ననా?"

జనం పగలబడి నవ్వారు. నేను మామ మీద విరుచుకుపడ్డాను.

"నన్నెందుకంటవ్ బిడ్డా! నీ కాగితంల తలుపు మీదికుంది, మగ్గం ఎడమకుంది. గట్లనే కోసిన. నువ్వు కిందికెల్లి పైకి సూస్తివి, నేను పైకెల్లి కిందికి సూస్తి. ఎడమ కుడాయె!"

నేల చీలితే బాగుండుననిపించింది. పక్కనే బాపు గుంట ఉంది గాని, అందులో బాపు ఉన్నాడు.

అంతలో అవ్వ చేతిలోని కండెను దీపం కింద తిప్పి చూసి, "ఓరి దేవుడా! గిన్ని ముళ్లా!" అంది.

బాపు లేచి వచ్చి కండె తీసుకున్నాడు. ఒకచోట బిగువు, ఒకచోట వదులు, ఎక్కడ చూసినా ముళ్లు. "గందుకేనా దినాం పోగు తెగేది? నా కండ్లు వోయినయని నేను పరేషానైతుంటి!"

"ముప్పయ్యేండ్లసంది చీకటి మూలకు కూసోవెడితిరి. తడుముకుంట చుడితి. నా చేతి ఏళ్లకు కండ్లున్నయా?" అంది అవ్వ.

బాపు ఆమె వేళ్ల వైపు చూశాడు. నూలు కోసి కోసి చారలు పడిన వేళ్లు. నేనూ అప్పుడే చూశాను.

"నారాయణా, గీ బుగ్గ గీడనే ఉంటది. నాకు ఇంకోటి కొయ్యి," అన్నాడు బాపు, అవ్వ నెత్తి మీది బల్బును చూపిస్తూ. "పోరని కాగితం మాత్రం ముట్టకు."

మర్నాడు మామ కిందినుంచి మేకు కొట్టి గుర్తు పెట్టుకుని మూడో గుంత కోశాడు. ఆ తర్వాత పోగులు తెగడం తగ్గింది. బాపు ఇంకా ఎన్నో ఏళ్లు నేశాడు, మగ్గం విప్పే మాట మళ్లీ ఎత్తలేదు. నా పటం సరిగ్గా ఉంటే అవ్వ ఆ చీకట్లోనే ఉండిపోయేది. ఎందుకంటే ఆ మూల నా లెక్కలోనే లేదు. నా తెలివితక్కువతనానికి, మామ మొండి నమ్మకానికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

సాక్షాత్తూ ఆ చాప మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను, ఈ జన్మలో పడుకుని పటం గీయనని, అవ్వను అడగకుండా అసలే గీయనని. మాట తప్పలేదు కూడా. తర్వాత మందమర్రిలో ఇల్లు కట్టేటప్పుడు, నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని అడిగాను.

"అవ్వా, దీపాలు వెట్టియ్యాలె. నువ్వు ఏడ కూసుంటవ్?"

"నువ్వు చీకటైతదన్న కాడ కూసుంట బిడ్డా," అంది అవ్వ. "వెలుతురు ఆడికే వస్తది."