మేష్ట్రు బండికి బ్యాక్‌రెస్టు తీసిన రోజు

మా పక్కింటి మేష్ట్రు పోయారు. నేను అంగట్లో బెల్లం తూకం వేస్తుంటే పాలు పోసే అతను వచ్చి నిలబడ్డాడు. "అన్నా, మేష్ట్రు తలుపు తీయలేదు. ఎంత పిల్చినా పలకలేదప్పా" అన్నాడు. పొద్దున్నే ఏం మాటలు మాట్లాడతావని కసిరాను. కసిరానే గానీ, తక్కెడ అట్లాగే వదిలేసి పరుగెత్తాను. తలుపు తోసుకుని లోపలికి పోతే ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. దుప్పటి కూడా చెదరలేదు. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. సుఖమైన చావు అని వచ్చినవాళ్లంతా అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండింది. పక్కన ఒక్క మనిషి లేకుండా పోవడంలో సుఖమేముంది?

బాగేపల్లి తాలూకా పల్లెల్లో చాలా ఏండ్లు పాఠం చెప్పి, రిటైరయ్యాక చింతామణిలో మా పక్కింట్లో ఉండిపోయారు ఆయన. తరగతిలో కన్నడం, గడప దాటితే తెలుగు. పిల్లలు లేరు. భార్య పోయి చాలా కాలమైంది. నాకు ఆయన చుట్టమూ కాదు, నేను ఆయన దగ్గర చదివినవాణ్ణీ కాదు. గోడకు అటు ఆయన, ఇటు నేను. అంతే. అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మీలో ఎవరైనా పాతపాళ్య దారిలోనో, మురుగమల్ల దర్గా నుంచి వచ్చే దారిలోనో బస్సు కోసం ఎండలో నిలబడి ఉంటే, ఆయన బండి ఎక్కే ఉంటారు. తెల్ల చొక్కా, పాత మోటార్ సైకిలు. మనిషి కనబడితే చాలు, బ్రేకు పడేది. "యాడికప్పా?" అని అడిగేవారు. ఏ ఊరు చెప్పినా ఒకటే జవాబు: "ఎక్కు, నేనూ ఆ పక్కకే పోతాండా." ఏ పక్కకూ ఆయనకు పనుండేది కాదు. చిక్కబళ్లాపురానికని బయలుదేరి, దారిలో ఎవరో ఎక్కితే బండి తిప్పుకుని బాగేపల్లికి పోయిన మనిషి. పెట్రోలు దండగ కదా మేష్ట్రే అంటే నవ్వేవారు. "ఇంట్లో గోడలతో ఎంతసేపని మాట్లాడేదప్పా?" అనేవారు.

ఆ బండికి వెనక సీటు చివర బ్యాక్‌రెస్టు ఉండేది. ఇనుప కమ్మీ వంచి, రెగ్జిన్ దిండు కుట్టించి, బోల్టులతో బిగించినది. ఒకసారి రోడ్డు మీద గుంతలో బండి ఎగిరితే ఆయన భార్య జారి కింద పడిందట. మరుసటి రోజే ఆయన దాన్ని చేయించారు. ఆమె దాని మీద ఎడమ చెయ్యి ఆనించి, ఒక పక్కకు కూర్చుని ఊళ్లు తిరిగేది. ఆమె పోయాక ఎక్కినవాళ్లు కూడా దాన్నే ఆనుకుని, దాన్నే పట్టుకుని కూర్చునేవారు. ఆయనేమో ముందుకు చూస్తూ గట్టిగా మాట్లాడేవారు. సగం మాటలు గాలికి పోయేవి.

అరవై దాటాక ఆయనకు కాలు పైకి లేవడం తగ్గింది. ఆ బ్యాక్‌రెస్టు మీదుగా కాలు తిప్పి ఎక్కడం కష్టమైంది. ఇంటి దగ్గరైతే అరుగు మీద నిలబడి ఎక్కేవారు. దారిలో అరుగులు యాడినుంచి వస్తాయి? బాగేపల్లి దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్న రోజుల్లో, ఒక ముసలామె కోసం బండి ఆపి, ఆమె గంప అందుకోవడానికి కిందికి దిగారట. మళ్లీ ఎక్కబోతే కాలు కమ్మీకి తగులుకుంది. బండితో సహా కంకర మీద పడ్డారు. పనివాళ్లు వచ్చి బండి లేపారు. ఆ ముసలామె మాత్రం గంప నెత్తిన పెట్టుకుని, "వద్దులే నాయనా, నేను బస్సుకే పోతా" అని దూరంగా పోయి నిలబడిందట.

"మోకాలు నొప్పి ఎట్లైనా పోతాదప్పా," అన్నారు నాతో. "ఆయమ్మ నన్ను జూసి భయపడింది. అది పోలేదు."

ఆ తర్వాత బండి మీద గోనెపట్టా కప్పేశారు. వీధి దాటడం మానేశారు. రోజంతా నా అంగడికి వచ్చి పోతుండేవారు. ఒకసారి అగ్గిపెట్టె, ఇంకాసేపటికి ఉప్పు, ఇంకాసేపటికి చీపురు. బేరాల మధ్యలో నాకు విసుగు పుట్టి, "అన్నీ ఒకేసారి కొనుక్కోరాదా మేష్ట్రే?" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "అన్నీ ఒక్కసారే కొంటే మళ్లా వచ్చేదానికి ఏముంటాదప్పా?" అన్నారు. ఆ మధ్యాహ్నం అంగడి మూసి, పానా తీసుకుని ఆయన ఇంటికి పోయాను. ఆ బ్యాక్‌రెస్టు తీసేస్తే గానీ ఈ మనిషి బతకడని నాకు తెలిసిపోయింది.

పోయి చూస్తే నట్టే కనబడదు. నల్లటి ముద్దొకటి ఉంది. ఏంటిదని గీకితే పెచ్చులూడింది. అప్పుడు చెప్పారు. ప్రతి ఆయుధపూజకూ బండి కడిగి, పసుపు పూసి, నట్టు నట్టుకూ కుంకుమ పెట్టేవారట. మళ్లీ మెరవాలని పూజ ముందురోజు కమ్మీకీ నట్లకూ కలిపి నల్లరంగు కొట్టేవారట, పోయిన ఏటి కుంకుమ మీదనే. నేను తల పట్టుకున్నాను.

"తుప్పు పట్టిందంటే కిరసనాయిలు పోసి తీస్తాం. మీరు పూజ చేసి చేసి బిగించినారు గదా స్వామీ!"

"దేవుని పని గదప్పా, గట్టిగానే ఉంటాది" అని నవ్వారు.

కత్తి మొనతో గీకుతూ పోయాను. నలుపు, ఎరుపు, నలుపు, ఎరుపు. ఒక్కో పొరా రాలుతోంది. లోపలి పొరల దగ్గరికి వచ్చేసరికి ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నిలుపప్పా. ఆ లోపలిది ఆమె పెట్టింది" అన్నారు. నేను కత్తి పక్కన పెట్టాను. బజారుకు తీసుకుపోయి గ్యాసుతో కోయిద్దామా అని అడిగితే, ఎవరో కోసేది వద్దన్నారు. చివరకు ఆయనే కత్తి అందుకుని, మిగిలింది తనే గీకారు. రాలిన ఎర్రపొడిని వేలికి అద్దుకుని నుదుట పెట్టుకున్నారు.

ఆ పైన కిరసనాయిలు పోసి, పానాకు పైపు తొడిగి, నేను ఎగిరి తొక్కితే ఒక నట్టు కిర్రుమని కదిలింది. రెండోది చచ్చినా రాలేదు. సుత్తితో కొడుతుంటే ప్రతి దెబ్బకూ ఆయన కండ్లు మూసుకునేవారు. నాకు ఓపిక పోయింది. "మీకు తీయాలని ఉందా, లేదా?" అని అరిచాను. "ఉండాది. కొట్టప్పా, కొట్టు" అన్నారు. రంపం బ్లేడుతో కోస్తే పొద్దు వాలే వేళకు ఊడి చేతికొచ్చింది. ఆయన దాన్ని తువ్వాలుతో తుడిచి లోపల పెట్టి వచ్చారు. వచ్చి, బండి పక్కన నిలబడి, కాలు ఎత్తారు. కాలు అవతలికి పడింది.

"ఎక్కప్పా" అన్నారు. ఎక్కి, అలవాటు చొప్పున వెనక్కి ఆనుకోబోయాను. వెనక ఏముంది? గాలి! బండి కదిలేసరికి "అయ్యయ్యో" అంటూ ఆయన భుజం గట్టిగా పట్టేసుకున్నాను. ఆయన ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. నొప్పి పుట్టిందేమోనని చెయ్యి తీయబోతే, "అట్లే ఉండనీప్పా" అన్నారు. కొంచెం దూరం పోయాక బండి పక్కకు ఆపారు.

"ఆమె పోయినాక నన్ను తాకినోళ్లు ఎవరూ లేరప్పా. గడ్డం గీసే ఆయప్ప ఒకడు తప్ప."

పట్టుకున్న చెయ్యి తీయకుండా కూర్చున్నాను. ఇంటికొచ్చి అంగడి తీస్తే మా ఆవిడ, కండ్లెందుకు ఎర్రగున్నాయని అడిగింది. కిరసనాయిలు పడిందని చెప్పాను.

మరుసటి రోజు నుంచి మళ్లీ రోడ్డెక్కారు. ఆ తర్వాత కొన్నేండ్లు అట్లాగే తిరిగారు. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు ఎక్కేవారు. పట్టుకోవడానికి ఆయన భుజం తప్ప ఇంకేమీ లేదు కాబట్టి దాన్నే పట్టుకునేవారు. ముందుకు జరిగి, చెవి దగ్గర మాట్లాడేవారు. పొద్దు మునిగాక మాత్రం మళ్లీ అదే ఇల్లు. గోడ అవతల ఒక గిన్నె చప్పుడు, ఒక గ్లాసు చప్పుడు. రెండో గ్లాసు చప్పుడు ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు ఆ ఒక్కటీ లేదు. ఈ మధ్య అంగట్లో నేనే ఎవరొస్తారా అని వీధిలోకి చూస్తున్నాను.

నిన్న జంగమకోటె నుంచి ఆయన చెల్లెలు వచ్చింది, ఇల్లు సర్దడానికి. బట్టలు ఎవరికైనా ఇవ్వాలని పెరట్లో కూర్చుని ఉతుకుతోంది. నన్ను చూసి ఒక చొక్కా పైకెత్తింది.

"ఏంటన్నా ఇది? అన్ని చొక్కాలకూ ఈడే మరకలు. ఎంత రుద్దినా పోలేదు."

దగ్గరికి పోయి చూశాను. కుడి భుజం మీద పచ్చగా, నల్లగా మచ్చలు. ఈ దిక్కు మనిషిని, నాకు చెప్పాలా? తోటల్లో టమోటాలు కోసి కోసి, ఆయన బండెక్కే కూలోళ్ల చేతులకు పట్టిన పసరు అది. దేనితో కడిగినా పోదు.

"రుద్దొద్దులేమ్మా, ఉండనీ" అన్నాను. ఆమె ఆ చొక్కా పిండి, విదిలించి తీగ మీద ఆరేసింది. తెల్లటి గుడ్డ మీద నాలుగు వేళ్లు ముందు, బొటనవేలు వెనక.