మా బావ ఎంచిన నాలుగు డిస్కులు

బావని ఆటపట్టించే హక్కు బామ్మర్దికి అక్క పెళ్ళితోనే వస్తుంది. ఇరవై ఏడేళ్ళుగా నేను ఆ హక్కుని ఒక్కరోజు కూడా వృథా చెయ్యలేదు. ఈ ఒక్క సంగతిలో మాత్రం నవ్వి ఊరుకోవడం నావల్ల కాలేదు, అందుకని రాస్తున్నాను.

మా బావ లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. పెద్ద పెద్ద భవనాలకు వెళ్ళి, ఈ లిఫ్టు పనికొస్తుంది, ఇది పనికిరాదు అని సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. వీధిలో అందరూ ఆయన్ని సేఫ్టీ గారు అంటారు. అది పొగడ్త అనుకుని మురిసిపోతాడు. ఆయనతో కలిసి లిఫ్టు ఎక్కడం ఒక శిక్ష. లోపలున్న జనాన్ని లెక్కపెట్టి, బరువులు అంచనా కట్టి, కాస్త ఒళ్ళున్న వాళ్ళని చూపుతోనే దించేస్తాడు. సొంత మేనత్తని అలాగే దించి ఆరు అంతస్తులు నడిపించాడు. ఆవిడ ఇప్పటికీ ఆయనతో మాట్లాడదు. ఆయన సంతకం పెట్టిన లిఫ్టులో ఇంతవరకు ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదన్నది మాత్రం నిజం. ఆ నిజాన్ని రోజుకు రెండుసార్లు ఆయనే చెబుతాడు.

అక్కది ఫోటో స్టూడియో, ఇంటి ముందు గదిలోనే. పాతికేళ్ళుగా మా చుట్టుపక్కల వీధుల్లోని మొహాలన్నీ అక్కడి స్టూలు మీద కూర్చుని లేచినవే. పాస్‌పోర్టు ఫోటోలు, బడి ఫోటోలు, ఉద్యోగం దరఖాస్తుకి బిగుసుకుపోయి దిగిన ఫోటోలు. ఇంట్లో ఎవరైనా పోతే జనం అక్క దగ్గరికే వస్తారు. "మా నాన్న ఫోటో ఏదైనా మీ దగ్గర ఉంటుందా అమ్మా" అని మెల్లగా అడుగుతారు. ఉంటుంది. చాలామందికి ఆ మనిషిది అదొక్కటే మంచి ఫోటో. అక్క వెతికి తీసి, పెద్దది చేసి చేతిలో పెడుతుంది. స్టూడియోలో తనకి అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. తేమకు నెగెటివులు ఒకదానికొకటి అంటుకుపోతుంటే, ఆరేళ్ళు కూర్చుని వాటన్నిటినీ స్కాన్ చేసింది. పాడైన నెగెటివులు పారేసింది. తర్వాత కంప్యూటర్లో తీసిన ఫోటోలతో కలిపి ఏడు హార్డ్ డిస్కులు నిండాయి. వాటిని చెప్పుల డబ్బాల్లో పెట్టుకుంది.

ఒకరోజు భోజనాల దగ్గర, "ఇవన్నీ ఒక్కచోట ఉంటే వెతకడం తేలికయ్యేది" అంది. బావ చెయ్యి కడుక్కుని వచ్చి, "అది నాకొదిలెయ్" అన్నాడు. మా కొంప మునగడం అక్కడ మొదలైంది.

కావలసింది ఇంట్లో పెట్టుకునే ఒక స్టోరేజి సర్వరు. అంటే నాలుగు డిస్కులు పట్టే పెట్టె. అందులో ఒక డిస్కు చచ్చినా, మిగతా మూడూ కలిసి దానిలోని సరుకుని తిరిగి కూర్చిపెడతాయి. రెండు పోతే మాత్రం అంతే సంగతులు. మామూలు మనిషి ఒక పూటలో కొనుక్కొచ్చే వస్తువు అది. మా బావకి తొమ్మిది నెలలు పట్టింది. ప్రాసెసరు ఎంత వేడెక్కుతుంది, ఫ్యాను గాలి ఎటు పోతుంది, పవర్ సప్లై పోతే రెండోది ఉందా, ఆ రెండోది కూడా పోతే ఏం చెయ్యాలి అంటూ కోడిగుడ్డుకు ఈకలు పీకాడు. తప్పు దొర్లితే తనంతట తానే దిద్దుకునే మెమరీ కావాలన్నాడు. అలాంటి మెమరీ ఒకటుంటుందని నాకు అప్పుడే తెలిసింది. బావక్కూడా అదొకటి పెట్టిద్దామని అక్కతో అన్నాను.

నాలుగు కిలోల పెట్టె కోసం గోడకి ఇనుప అర బిగించాడు. ఊరికే బిగించి వదిలితే ఆయన సేఫ్టీ గారు ఎందుకవుతాడు? నన్ను దాని మీద కూర్చోబెట్టాడు. నా బరువు చాలలేదని ఒళ్ళో సిమెంటు బస్తా కూడా పెట్టాడు. పది నిమిషాలు గడియారం చూసి, తృప్తిగా తలూపాడు. స్టూడియోకి వచ్చినవాళ్ళు తలుపు సందులోంచి నన్ను చూసి ఏమనుకున్నారో నాకు తెలియదు.

చివరికి డిస్కులు కొనడానికి ఇద్దరం కంప్యూటర్ షాపుకి వెళ్ళాం. షాపు నడిపే ఆవిడ నెమ్మదస్తురాలు.

"నాలుగూ ఒకే బ్యాచ్‌వి కావాలి. నంబర్లు వరసగా ఉండాలి" అన్నాడు బావ.

"అలా వద్దండీ. రెండు ఇవి తీసుకోండి, రెండు వేరే కంపెనీవి ఇస్తాను. ఒకే రోజు తయారైనవి ఒకేసారి ముసలివైపోతాయి. పోతే కలిసే పోతాయి" అందావిడ.

బావ నవ్వాడు. లిఫ్టుకి కట్టే తాళ్ళన్నీ ఒకే చుట్టలోంచి కోసినవై ఉండాలనీ, వేరువేరు చుట్టలవైతే ఒకటి ఎక్కువ సాగి ఒకటి తక్కువ సాగి బరువంతా ఒకదాని మీదే పడుతుందనీ ఆవిడకి పావుగంట పాఠం చెప్పాడు.

"డిస్కులు సాగవు కదండీ" అందావిడ.

"ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నానమ్మా" అన్నాడు బావ. ఆవిడ నా వంక చూసింది. నేను డబ్బా మీది ధర చదువుకున్నాను.

నాలుగూ వరస నంబర్లతోనే వచ్చాయి. ఏడు డిస్కుల్లోని ఫోటోలన్నీ కొత్త పెట్టెలోకి ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. అక్క ఒక్క మాట అడిగింది. "దీని మీద నమ్మకం కుదిరేదాకా పాతవి బీరువాలో పెట్టుకుంటానండీ."

"పాత తాడు గోదాములో ఉంటే ఎవడో ఒకడు మళ్ళీ కట్టేస్తాడు. మార్చిన రోజే ముక్కలు చెయ్యాలి. మా రూలు అది" అన్నాడు బావ.

పెరట్లో డ్రిల్లు మిషను పెట్టి ఏడు డిస్కులకీ తలా మూడు బెజ్జాలు వేశాడు. అవి కదలకుండా పట్టుకున్నది నేను. పట్టుకుని జోకులు కూడా వేశాను. అక్క గుమ్మంలో నిలబడి కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఏడాదిన్నర బాగానే నడిచింది. ఒకరోజు పెట్టె మీద ఎర్రదీపం వెలిగి, కూత మొదలైంది. ఒక డిస్కు పోయింది. మా బావ సంబరం చూసి తీరాల్సిందే. "చూశావా, ఒకటి పోయినా ఒక్క ఫోటో చెక్కుచెదరలేదు" అని చంకలు గుద్దుకున్నాడు. అక్క వెంటనే షాపుకి ఫోన్ చేసింది. ఏ డిస్కు దొరికితే అది ఈ పూటే పెట్టెయ్యమని షాపు ఆవిడ గట్టిగా చెప్పింది.

బావ ఒప్పుకోలేదు. కొత్తది కూడా అదే బ్యాచ్‌ది కావాలన్నాడు. దానికోసం కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు. మూడు ఊళ్ళకి ఫోన్లు చేశాడు. పాత సామాన్ల వాళ్ళనీ వదల్లేదు. చెవిలో జోరీగలాగా రోజంతా కూత. దాన్ని ఆపే మీట కనిపెట్టి నొక్కి, పని అయిపోయినట్టే నిశ్చింతగా ఉన్నాడు. పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండో డిస్కు కూడా పోయింది.

చెడిపోయిన డిస్కుల్లోంచి సరుకు తీసే చోటికి నాలుగింటినీ ఇద్దరం మోసుకెళ్ళాం. పదిహేను రోజులు ఉంచుకుని, ఏమీ చెయ్యలేమని తిరిగిచ్చారు. పాతికేళ్ళ మొహాలు అలా పోయాయి. అక్క ఏడుస్తుందని, తిడుతుందని ఎదురుచూశాం. "ఇకమీదట పాత ఫోటో అడిగిన వాళ్ళకి మీరే చెప్పండి" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది. ఆ ఏడు డిస్కుల్నీ పట్టుకున్న చేతులు నావి, ఈ కథలో బావ మీద నేను వేసిన ప్రతి చురకా నాకూ తగులుతుంది.

అప్పట్నుంచి సాయంత్రాలు బావే కౌంటర్లో కూర్చుంటున్నాడు. మొదట్లో వచ్చినవాళ్ళకి బ్యాచ్ నంబర్ల సంగతంతా వివరించేవాడు. పాపం, వాళ్ళు అయినవాళ్ళని పోగొట్టుకుని వచ్చి, తయారీ లోపాల గురించి విని వెళ్ళేవారు.

మొన్న బట్టల షాపులో పనిచేసే ఆవిడ వచ్చింది. వాళ్ళమ్మ పోయి నెలైంది. మూడేళ్ళ క్రితం ఇక్కడే ఫోటో దిగిందట. బావ మొదలుపెట్టాడు, "అంటే అమ్మా, ఒకే రోజు తయారైన డిస్కులు..."

"ఉందా లేదా బాబూ?" అందావిడ.

బావ రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టి, "లేదమ్మా. నేనే పోగొట్టాను" అన్నాడు. కారణం చెప్పకుండా ఆయన ఒక వాక్యం ముగించడం నేను చూడ్డం అదే మొదటిసారి. నాకు నవ్వు రాలేదు.

ఆవిడ ఫోను తీసి ఒక గుంపు ఫోటో చూపించింది. అందులో వాళ్ళమ్మ ఎవరి భుజం వెనకో ఉంది. ఎడమ చెంప సగం, చెవి, భుజం కనిపించడం లేదు. బావ ఆ ఫోను రెండు చేతులతో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

అక్క చాలాసేపు చూసింది. బయటికి వచ్చి ఆవిడని స్టూలు మీద కూర్చోమంది. "మీరు మీ అమ్మ పోలికే. కొంచెం అటు తిరగండి" అని, జుట్టు తనే వెనక్కి సర్ది, ఆవిడ చెవీ చెంపా భుజమూ ఫోటో తీసింది. రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ తల్లికి కూతురి చెవిని అతికించింది. కూతురు వచ్చి చూసి, ఫోటోని గుండెకి ఆనించుకుని, డబ్బులివ్వడం మరిచిపోయి వెళ్ళిపోయింది. అక్క అడగలేదు.

బావ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ధైర్యం కూడగట్టుకుని, కంప్యూటర్లోని ఆ ఫోటో చూపించి, "ఇది ఎక్కడ దాచమంటావు?" అన్నాడు.

అక్క తల ఎత్తలేదు.

"మీరు ముట్టుకోకండి" అంది.